విన్నవారు: సోడె బొజ్జయ్య

ఇప్పలగూడెం పోస్టుమాస్టరు వెంకటనారాయణ జేబులో ఎప్పుడూ రెండు కలాలుండేవి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రేడియోలో తన చెవులతో విన్న పరుగుల్ని నీలం సిరాతో రాసేవాడు. వినడం కుదరక, తర్వాత పేపర్లో చూసి ఎక్కించుకున్నవి ఎర్ర సిరాతో. ఈ నియమం ఆయనకు ఎవరూ పెట్టలేదు. ఎవరో పెట్టిన నియమమైతే ఏదో ఒక రోజు తప్పేవాడేమో.

నేను అక్కడి ఆశ్రమ పాఠశాలలో లెక్కల పంతుల్ని. మాది కారేపల్లి. ఆయనది ఏన్కూరు దగ్గర పల్లె, తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. ఎనభై అయిదులో ఇద్దరం ఒకే నెలలో ఆ అడవిలోకి బదిలీ మీద వచ్చాం. చర్లలో బస్సు దిగి, వాగు దాటి, ఆరు మైళ్ళు సైకిలు తొక్కితే ఇప్పలగూడెం. పోస్టాఫీసు ఒక్కటే గది, పైన రేకులు. వెనక రెండు గదుల్లో ఆయనా, భార్య ప్రమీలారాణీ కాపురం.

క్రికెట్ నాకు తెలీదు. సగటు తీయడం తెలుసు. అందుకే ఆయన నన్ను వదల్లేదు.

ఆయన కథ డెబ్భై ఒకటిలో, ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో మొదలైంది. కాలేజీ జట్టుకు ఓపెనరుగా దిగి, మూడు మ్యాచ్‌లలో కలిపి నాలుగు పరుగులు చేశాడు. ఆ నెలలోనే వెస్టిండీస్‌లో గవాస్కర్ అనే పొట్టి ఓపెనరు మొదటి టెస్టు ఆడాడు. నారాయణ తన బ్యాటు తమ్ముడికిచ్చేసి, ఒక పొడుగు నోటుబుక్కు కొని, ఆ పొట్టివాడి పరుగులు రాయడం మొదలుపెట్టాడు. నేను చూసేనాటికి నాలుగో పుస్తకం నడుస్తోంది.

ఆ పుస్తకాల్లో నీలం చాలానే ఉంది. డ్రా అయిన ఆటలు, వాన పడి ఆగిన ఆటలు, సున్నాలు, అన్నీ నీలమే. "ప్రపంచంలో మొదటిసారి" అన్నది మాత్రం ఎక్కడ చూసినా ఎరుపు. ఆయన బాధంతా అదే.

ఒక్క ఎనభై మూడులోనే మూడు పోయాయి. అక్టోబరులో ఢిల్లీలో గవాస్కర్ ఇరవై తొమ్మిదో సెంచరీ కొట్టి, అప్పటిదాకా సెంచరీల్లో అందరికంటే ముందున్న బ్రాడ్‌మన్‌ను అందుకున్న రోజు, నారాయణ దంపతులు ఖమ్మం బస్సులో ఉన్నారు. ముందు సీటు ఆసామి చేతిలో ట్రాన్సిస్టరు. స్కోరు తొంభైల్లోకి వచ్చాక ఆ ఆసామి తల్లాడలో దిగిపోయాడు. నారాయణ కూడా లేచాడు. ప్రమీలారాణి చొక్కా వెనక పట్టుకుంది. "ఆయనెవరో ఆయనింటికి పోతున్నాడండీ. మీరెక్కడికి?" అంది. బస్సు కదిలింది.

మరుసటి నెల అహ్మదాబాద్‌లో గవాస్కర్ బాయ్‌కాట్‌ను దాటి టెస్టుల్లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడయ్యాడు. అప్పుడు నారాయణ మంగలి దుకాణంలో ఒక చెంపకు సబ్బుతో కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీ పెద్దమనిషి "ఆ గోల ఆపి పాటలు పెట్టవయ్యా" అన్నాడు. మంగలి పెట్టాడు. గడ్డం సగంలో ఉన్న మనిషి పోట్లాటకు దిగలేడు కదా.

డిసెంబరులో మద్రాసు టెస్టుకు సెలవు పెట్టి, కొత్త బ్యాటరీలు వేసి, ఇంట్లో అందరికీ చెప్పి మరీ కూర్చున్నాడు. ముప్పయ్యో సెంచరీ. అది కొడితే బ్రాడ్‌మన్ కూడా వెనకే. సరిగ్గా ఆ వేళకే గేదె ఈనడం మొదలుపెట్టింది. దూడ అడ్డం తిరిగింది. తల్లి రాఘవమ్మ కేకేసింది. ఆయన పశువుల కొట్టంలో మోచేతుల దాకా నెత్తురుతో ఉండగా, ఇంట్లో రేడియో ఖాళీ మంచానికి ఆ కబురు చెప్పింది.

"దూడ దక్కింది కదా" అన్నాను నేను, ఈ సంగతి విన్నప్పుడు.

"దూడ ఏటా దక్కుద్ది మాస్టారూ" అన్నాడాయన.

అట్లాంటి మనిషికి ఎనభై ఏడు మార్చి వచ్చింది. పాకిస్తాన్‌తో అహ్మదాబాద్ టెస్టు. గవాస్కర్ ఖాతాలో తొమ్మిది వేల తొమ్మిది వందల నలభై రెండు. ఇంకో యాభై ఎనిమిది కొడితే పది వేలు. ప్రపంచంలో అంతవరకు ఎవరూ చేరని అంకె.

"పదివేలు రెండోసారి ఎవరైనా కొడతారు. మొదటిసారి ఒక్కసారే" అన్నాడు నారాయణ. "ఇది గనక నా చెవుల్తో వింటే, ఇక జన్మలో ఏమీ అడగను."

"అడగకపోతే మంచిదే, ఇంట్లోకి ఉప్పు కూడా నేనే తెచ్చుకుంటున్నా" అంది ప్రమీలారాణి లోపలినుంచి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. అంతకు నెల ముందు ఒక పొద్దున, చేతిలో సుద్దముక్క ఉండటం వల్ల, పోస్టాఫీసు తలుపు మీద "తపాలా కార్యాలయం" అన్న అక్షరాల కింద "రికార్డుల ఆఫీసు" అని రాశాను. వేళాకోళానికే. నారాయణ చూసి నవ్వాడు. చెరపలేదు. లోలోపల కాస్త మురిశాడు కూడా.

ఇప్పలగూడెంలో రికార్డు అన్న మాటకు ఒకటే అర్థం. ఏ చెలక ఎవరిదో రాసి ఉండే సర్కారు కాయితం. అడవి కొట్టి పోడు చేసుకుంటున్న భూములకు పట్టాలిస్తారన్న పుకారు ఆ ఏడు గూడేల్లో తిరుగుతోంది. రికార్డుల్లో పేరున్నోడికే పట్టా అని కూడా. మా బడిలో వంట చేసే ముత్తక్కకు నాలుగు అక్షరాలు వచ్చు. నేను రాసినదాన్ని ఆమె కూడబలుక్కుని చదివి, వాళ్ళ అన్న సోడె బొజ్జయ్యకు చెప్పింది. ఆయనకు గుట్ట కింద రెండెకరాల పోడు. జొన్న, కంది వేస్తాడు. అరవై ఏళ్ళుంటాయి. ఎక్కువ మాట్లాడడు, అడిగింది వదలడు.

మార్చి ఏడు శనివారం. ఒంటిపూట బడి ముగించుకుని నేను పోస్టాఫీసుకు వెళ్ళేసరికి, తపాలా సంచి కట్టేసి, బల్ల మీద పుస్తకం, పక్కన నీలం కలం మూత తీసి పెట్టి ఉన్నాయి. ఎర్ర కలాన్ని ఆయన ఆ రోజు ఇంట్లో ఎక్కడో దాచేశాడు. రేడియోకు రాగి వైరు తగిలించి, కిటికీలోంచి రేకుల మీదుగా తీసి, వెనక ఇప్ప చెట్టు కొమ్మకు కట్టాడు. ఆ వైరు లేకపోతే ఆ అడవిలో రేడియో మూగది.

గవాస్కర్ యాభై దాటాడు. నారాయణ ఊపిరి బిగబట్టి రాస్తున్నాడు. అప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు.

"సారూ" అన్నాడు బొజ్జయ్య. "రికార్డుల నా పేరున్నదో లేదో జర సూడు."

నారాయణ తలెత్తకుండా చెయ్యి చూపించి ఆగమన్నాడు. బొజ్జయ్య ఆగాడు. కాసేపటికి మళ్ళీ, "మా ముత్తక్క సదివింది. గీడనే రికార్డుల ఆఫీసంట."

"ఇప్పుడు కాదు పెద్దాయనా. కూర్చో."

బొజ్జయ్య కూర్చున్నాడు. నేను నవ్వాపుకుంటున్నాను. ఆ క్షణంలో పైన రేకుల మీద ఏదో దబ్బున దూకింది. కొండముచ్చు. అది రేకుల మీంచి చెట్టుకు దూకుతూ దారిలో ఉన్న వైరును పట్టుకుని ఊగింది. వైరు తెగలేదు గాని కొమ్మ మీంచి ఊడి కింద పడింది. రేడియో గర్రుమంది.

నారాయణ బయటికి పరుగెత్తాడు. నిచ్చెన తెచ్చి చెట్టుకు ఆనించాడు. ఎక్కాల్సింది నేను. ఆయన లోపల కూర్చుని వినాలి కదా. కాని నిచ్చెన రెండు మెట్లు ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ప్రమీలారాణి వాగుకు నీళ్ళకు పోయింది. ఇంకెవరూ లేరు.

"నిచ్చెనైనా గట్టిగా పట్టుకోండి. దీనికి ఒక కాలు పొట్టి" అని, కిటికీలోంచి లోపలికి కేకేశాడు. "బొజ్జయ్యా, దాని దగ్గర కూర్చో. మనిషి మాట వినపడగానే కేకెయ్."

"మల్ల నా పేరు?"

"చూస్తా. ముందు నువ్వు కేకెయ్."

ఆయన పైకెక్కాడు. నేను నిచ్చెనను కావలించుకుని నిలబడ్డాను. వైరు కొమ్మకు చుడుతూ, "వచ్చిందా?" అన్నాడు.

"గర్రు గర్రుమంటున్నది" అన్నాడు లోపల బొజ్జయ్య.

ఇంకో కొమ్మకు మార్చాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు మాట్లాడుతున్నడు."

"ఏమంటున్నాడు?"

"మంచిగనే మాట్లాడుతున్నడు."

"అది కాదయ్యా. అంకె ఏమైనా చెప్పాడా?"

"ఎవరి అంకె?"

నారాయణ చెయ్యి వదిలితే వైరు జారుతోంది. పంటితో ముడి బిగించాలని చూస్తున్నాడు. "మాస్టారూ, మీరు పోయి వినండి" అన్నాడు. నేను నిచ్చెన వదిలాను. అది ఒరిగింది. మళ్ళీ పట్టుకున్నాను. లోపల రేడియో ఏదో అంటోందని తెలుస్తోంది, ఏమంటోందో తెలీడం లేదు.

"సారూ" అన్నాడు బొజ్జయ్య తాపీగా. "గీడ కొట్లాటయితున్నది."

"ఏం కొట్లాట?"

"మస్తు మంది ఒర్లుతున్రు. పటపటమంటున్నయ్. తుపాకులో, పటాకులో."

నారాయణ చెట్టు మీంచి ఎట్లా దిగాడో నాకు తెలీదు. నిచ్చెన మాత్రం ఆయన వాడలేదు. గదిలోకి దూకేసరికి మైదానమంతా జనం. ఆట ఆగిపోయింది. జనాన్ని బయటికి పంపుతున్నారు, అభినందనలు చెబుతున్నారు, పది వేలు, పది వేలు, ప్రపంచంలో మొదటి మనిషి అని ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అదంతా విన్నాడు. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు వస్తోంది.

"విన్నారు కదా, రాసెయ్యండి" అన్నాను నేను, నీలం కలం అందిస్తూ.

"నేను విన్నది జనాన్ని. పరుగును కాదు."

"ఎవరు చూడొచ్చారు?"

"పిల్లల పేపర్లు కూడా ఇట్లాగే దిద్దుతారా మాస్టారూ?"

ఆయన బొజ్జయ్య ముందుకు జరిగాడు. "పెద్దాయనా, బాగా గుర్తు తెచ్చుకో. జనం అరవకముందు ఏం వినపడింది?"

బొజ్జయ్య ఆలోచించాడు. "టక్కుమన్నది."

"టక్కుమందా?"

"అవ్. టక్కుమన్నది. ఆయన జల్దిజల్ది ఏందో అన్నడు. ఎనకనే మంది ఒర్లిన్రు."

నారాయణ గోడకు చేరగిలబడ్డాడు. పదహారేళ్ళ నుంచి తాను కాచుకున్న బ్యాటు టక్కును ఇప్పలగూడెంలో విన్నది సోడె బొజ్జయ్య. విననిదాన్ని నీలంతో రాయలేడు. పేపర్లో చూడలేదు కాబట్టి ఎరుపుతోనూ రాయలేడు. చాలాసేపు కలాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి స్కేలు పెట్టి పేజీ చివర ఒక కొత్త గడి గీశాడు. పైన "విన్నవారు" అని రాశాడు. ఎడమవైపు పెద్ద అంకెల్లో 10,000, అహ్మదాబాద్. ఆ గడిలో, సోడె బొజ్జయ్య. అన్నీ నీలంతోనే. ఎవరి చెవులైతేనేం, చెవులు చెవులే అని తనకు తాను నచ్చజెప్పుకున్నట్టున్నాడు.

బొజ్జయ్య వంగి చూశాడు. "గీడ నా పేరేనా?"

"నీ పేరే."

"ఇంటి పేరు సుత రాసినవా?"

"రాశాను."

"గీడ పెద్దగ ఉన్నదేంది?"

"పది వేలు."

బొజ్జయ్య ఆ అంకె మీద వేలు పెట్టాడు. "నాది రెండెకరాలే సారూ."

రేడియోలో మళ్ళీ ఆట మొదలైంది. నారాయణ చెవి అటుంది. "సరే సరే" అన్నాడు.

చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. నవ్వుతో నాకు పొట్ట నొప్పి పుడుతోంది. బొజ్జయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు. గవాస్కర్ అరవై మూడు దగ్గర ఔటయ్యాడు.

సోమవారం పొద్దున పోస్టాఫీసు ముందు పదిహేను మంది నిలబడ్డారు. జంపయ్య, చిన్నక్క, గుట్టవతల నుంచి రామన్న కూడా వచ్చాడు. ఇది ఆ రికార్డు కాదు, ఆటల రికార్డు అని నారాయణ గొంతు పోయేలా చెప్పాడు.

"బొజ్జయ్యకు రాసినవు గద" అన్నాడు జంపయ్య.

"ఆయన విన్నాడు కాబట్టి రాశాను."

"మేం సుత ఇంటం. ఏం ఇనాల్నో చెప్పు."

ఆయన తలుపు మీది నా సుద్ద అక్షరాల్ని తడిగుడ్డతో తుడిచేశాడు. దాంతో ఊరికి ఇంకా నమ్మకం కుదిరింది. రికార్డు లేకపోతే ఎందుకు తుడుస్తాడు?

ఏప్రిల్‌లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పోడు చూడ్డానికి వచ్చాడు. గుట్ట కింది చెలకలో నిలబడి, ఇది నీది అనేదానికి సాక్ష్యమేందని బొజ్జయ్యను అడిగాడట. బొజ్జయ్య ఆయన్ను నేరుగా పోస్టాఫీసుకు తీసుకొచ్చాడు. వెనక సగం గూడెం. నేనూ ఉన్నాను, ఉండకపోతే బాగుండేది.

"పుస్తకం తియ్ సారూ" అన్నాడు బొజ్జయ్య ధీమాగా.

నారాయణకు తీయక తప్పలేదు. ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "పది వేలు. అహ్మదాబాద్. విన్నవారు సోడె బొజ్జయ్య." కళ్ళద్దాలు తీశాడు. "ఏమయ్యా పోస్టుమాస్టరూ, గీ అహ్మదాబాద్ మన మండలంల ఏ ఫిర్కాల ఉన్నది?"

అప్పుడు నారాయణ చెప్పాడు. గవాస్కర్, కొండముచ్చు, వైరు, టక్కు, అంతా. ఆయన చెబుతున్న కొద్దీ ఇన్‌స్పెక్టరు పొట్ట కదిలింది, ఆయన వెంట వచ్చిన తలారి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వనిది బొజ్జయ్య ఒక్కడే. పుస్తకం వైపు, మా ఇద్దరి వైపు మార్చి మార్చి చూశాడు. ఆ తలుపు మీద రాసింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నారాయణ కూడా చెప్పలేదు. అది ఆయన మంచితనం.

మర్నాడు బొజ్జయ్య ఒక్కడే వచ్చాడు.

"నా పేరు కొట్టెయ్."

"ఎందుకు పెద్దాయనా?"

"భూమికి పనికిరాని రికార్డుల నా పేరెందుకు? నా చుట్టాలందరికీ చెప్పుకున్న. ఇప్పుడు నన్ను అహ్మదాబాద్ బొజ్జయ్య అంటున్రు."

నారాయణ గతుక్కుమన్నాడు. ఆ పేరు కొట్టేస్తే ఆ పరుగును విన్నవాడు ఎవడూ లేనట్టే. "నువ్వు విన్నావు కదా. అది అబద్ధం కాదు కదా" అన్నాడు.

"నేనేం ఇనలే. మంది ఒర్లిన్రు, గంతే."

"టక్కుమందన్నావు."

"అనలే."

"అన్నావు. మాస్టారు సాక్షి."

"పంతులు నవ్వెటోడు. ఆయన సాక్ష్యం పనికిరాదు."

అది నాకు గట్టిగా తగిలింది. నారాయణ బతిమాలడం మొదలుపెట్టాడు. సర్కారు ఉద్యోగి, గెజిట్ చదివే మనిషి, ఒక ముసలాయన్ని టక్కు వెనక్కి తీసుకోవద్దని బతిమాలుతున్నాడు.

"ఉండాల్నంటే ఒక పని చెయ్. నాకు అసలు రికార్డు కావాలె. అర్జీ నువ్వు రాయి. మండల ఆఫీసుకు నాతోటి రా. నేనొక్కణ్ణి పోతే గుమ్మంకాడనే ఎల్లగొడ్తరు. అది అయ్యేదాంక నా పేరు గీడ ఉంటది."

"సరే" అన్నాడు నారాయణ. ఒకటి రెండు సార్లు తిరిగితే అయిపోతుందనుకున్నాడు. అడవిలో రెండేళ్ళు ఉన్నా ఆయనకు లోకజ్ఞానం రాలేదు.

మండల ఆఫీసు పదకొండు మైళ్ళు. మొదటిసారి సర్వే నంబరు లేదన్నారు. రెండోసారి అటవీశాఖ కాయితం తెమ్మన్నారు. మూడోసారి రాసిన కాయితం మడత పడిందని మళ్ళీ రాయమన్నారు. వానాకాలంలో వాగు పొంగి నాలుగు రోజులు అటుపక్కే చిక్కుకున్నారు. ఏ వారం ఏ పని చెయ్యాలో బొజ్జయ్యే గుర్తు చేసేవాడు. నారాయణ సెలవులన్నీ కరిగిపోయాయి. "మీ గేదె ఈనినా ఇంత తిరగలేదు మీరు" అనేది ప్రమీలారాణి.

ఆ తిరుగుడులోనే అక్టోబరు వచ్చింది. ప్రపంచ కప్పు మన దేశంలో. ఇది అయ్యాక ఆట మానేస్తానని గవాస్కర్ చెప్పేశాడు. ముప్పయ్యొకటిన నాగపూర్‌లో న్యూజిలాండ్‌తో ఆట. ఆ శనివారమే రమ్మని మండల ఆఫీసు గుమస్తా చెప్పి ఉన్నాడు.

శుక్రవారం సాయంత్రం నారాయణ బడికి వచ్చాడు. రేడియో, పుస్తకం, నీలం కలం నా బల్ల మీద పెట్టాడు.

"రేపు మీరు రాయాలి మాస్టారూ."

"నాకేం తెలుసు?"

"అంకెలు తెలుసు కదా. విన్నది విన్నట్టు రాయండి. ఏమీ జరగదులెండి. గవాస్కర్ వన్డేల్లో ఎప్పుడూ సెంచరీ కొట్టలేదు, ఇప్పుడేం కొడతాడు?"

మర్నాడు మధ్యాహ్నం నుంచి నేను పోస్టాఫీసు గదిలో కూర్చుని విన్నాను. వైరు కొమ్మ మీద గట్టిగా ఉంది. కొండముచ్చు రాలేదు. బ్యాటరీలు కొత్తవి. గాజులా స్పష్టంగా వచ్చింది ఆ రోజు. నాకు చెమటలు పట్టాయి.

పొద్దు గుంకుతుండగా ఇద్దరూ వచ్చారు. బొజ్జయ్య చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు. నారాయణ ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

"ఏమైంది?" అన్నాను.

"ఎమ్మార్వో క్యాంపుకు పోయాడట" అన్నాడాయన. "ఇక్కడేమైంది?"

నేను పుస్తకం ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు. ప్రపంచ కప్పులో మొట్టమొదటి హ్యాట్రిక్, చేతన్ శర్మ. దాని కింద, గవాస్కర్ నూట మూడు నాటౌట్, వన్డేల్లో మొదటి సెంచరీ. రెండు వరుసలకూ "విన్నవారు" గడిలో నా పేరు. నీలంతో. ఇంకేం రాయగలను?

నారాయణ తపాలా సంచి మీద కూలబడ్డాడు.

"పుస్తకం నాది" అన్నాడు. "పదహారేళ్ళు. మొదట ఈయన పేరు. తర్వాత మీ పేరు. మీకు లెగ్ బై అంటే ఏంటో తెలీదు. నా పేరెక్కడుంది మాస్టారూ ఇందులో?"

జవాబు బొజ్జయ్య చెప్పాడు.

"నువ్వు రాసెటోడివి గద సారూ. పట్వారి పేరు రికార్డుల ఉంటదా?"

లోపల ప్రమీలారాణి నవ్వింది. నారాయణ నవ్వలేదు. నా వైపు తిరిగి కూర్చున్నాడు. "చెప్పండి. మొదటి వికెట్టు ఎట్లా పడింది?"

"బౌల్డ్ అన్నాడు."

"బంతి లోపలికొచ్చిందా?"

"ఎక్కడి లోపలికి?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "రెండోది?"

"అదీ బౌల్డే. మూడోదీ అదే."

"మూడూ బౌల్డేనా?" ఆయన కళ్ళు తెరిచాడు. "వాళ్ళు ఎట్లా అరిచారు? జనం ముందు అరిచారా, ఆయన ముందు చెప్పాడా?"

నేను ఆలోచించాను. నిజంగా గుర్తు లేదు. ఆ క్షణాన నేను పరుగుల కూడిక సరిచూసుకుంటున్నాను. ఆ మాట చెప్పాను. ప్రమీలారాణి టీ గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టి, "అన్నయ్యగారూ, ఇంక ఇంటికి పొండి" అంది మెల్లగా.

బొజ్జయ్య గ్లాసు ఖాళీ చేసి లేచాడు. "బేస్తారం రమ్మన్నరు సారూ. ఎమ్మార్వో ఉంటడట."

"బేస్తవారం సెమీఫైనల్ బొజ్జయ్యా. బొంబాయిలో."

"అది మల్ల ఐతది. ఎమ్మార్వో మల్ల దొరుకుతడా?"

నారాయణ రేకుల కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. "పొద్దున్నే రా" అన్నాడు చివరికి.

ఆ బేస్తవారం బొజ్జయ్య అర్జీకి నంబరు పడింది. పట్టా కాదు, వట్టి నంబరే. మళ్ళీ నెలకు రమ్మన్నారట. గవాస్కర్ నాలుగు పరుగులకు ఔటయ్యాడు. దేశం తరఫున ఆయన ఆడిన ఆఖరి ఆట అది. నారాయణకు ఆ సంగతి సాయంత్రం వార్తల్లో, ఇంకేదో రాష్ట్రంలో వరదల గురించి చెప్పాక, ఒక్క ముక్కలో తెలిసింది. ఆ ఆటను నేను కూడా వినలేదని తెలిసి నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నేనేం చేసేది, ఆ రోజు బడి ఉంది. ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను.